గాలీ లేదు, ధూళీ లేదు

ఆ బస్సుల షెడ్డులో నాలుగు గదులుండేవి. మొదటి మూడింట్లో పగలనక రాత్రనక పని జరిగేది. నాలుగో దాంట్లోకి మాత్రం చీకటి పడ్డాక పిల్లి కూడా తొంగిచూసేది కాదు.

నా కళ్ళతో చూశానని అబద్ధం చెప్పను. విన్నది విన్నట్టు చెబుతున్నాను. నాకు చెప్పింది ఆ షెడ్డులో పదకొండేళ్ళు వెల్డింగు చేసిన మనిషి. నవ్వించడం తప్ప భయపెట్టడం తెలియని మనిషి ఆయన. ఈ సంగతి చెప్పేటప్పుడు మాత్రం నవ్వలేదు.

రాత్రిళ్ళు ఆ నాలుగో గదిలో బస్సు ఊపిరి తీస్తుందట.

ఇంజను ఆపి అరగంట దాటి ఉంటుంది. తాళంచెవి గోడకి వేలాడుతూ ఉంటుంది. బస్సులో నరమానవుడు ఉండడు. అయినా సరే, చీకట్లోంచి — "ఊఁ..." ముసలాళ్ళు మోకాళ్ళు పట్టుకుని కుర్చీలో కూలబడుతూ వదులుతారే, అలాంటి ఊపిరి. ఆ వెంటనే బస్సు వెనక భాగం నిదానంగా రెండు వేళ్ళ మందం కిందికి దిగుతుంది.

"తాత కూర్చున్నాడు," అనేవాళ్ళు పనివాళ్ళు, గొంతు తగ్గించి.

తాత అంటే ఎవరి తాతా కాదు. ఆ షెడ్డు పెట్టిన రోజు నుంచీ ఉన్న పెద్దమేస్త్రి. పాపం, ఇంట్లో, జ్వరమొచ్చి, మంచం మీదే పోయాడు. కానీ జనానికి మంచం మీద చావు ఏం రుచిస్తుంది? ఏడాది తిరిగేసరికి ఆయన నాలుగో గదిలో బస్సు కింద నలిగిపోయాడన్నారు. ఇంకో ఏడాదికి, నలిగిపోతుంటే చూశామన్నవాళ్ళు కూడా తయారయ్యారు.

దానికి తోడు గోడ మీద ఆ రాత ఒకటి. బతికుండగా తాతే ఎర్ర రంగుతో, బొటనవేలంత లావు అక్షరాలతో రాసి పెట్టాడు:

"గాలి ఉంది. నన్నడక్కుండా కిందికి దూరొద్దు."

ఆయన ఉన్నన్నాళ్ళూ దాన్ని చదివినవాడు లేడు. ఆయన పోయాక చదవనివాడు లేడు. మరి... పోయిన మనిషి 'నన్నడక్కుండా' అంటే, ఎలా అడగాలి? ఎవర్ని అడగాలి?

వాళ్ళే ఒక పద్ధతి పెట్టుకున్నారు. బస్సు కిందికి దూరబోయే ముందు వంగి, "తాతా, దూరమంటావా?" అని ఒక్క కేక. ఆ తర్వాత చెవులు రిక్కించి నిలబడడం. "ఊఁ..." అని వినపడిందంటే తాత ఇంకా లోపలే ఉన్నట్టు. కాసేపాగి మళ్ళీ అడగాలి. ఏ చప్పుడూ రానంతవరకూ అడుగుతూనే ఉండాలి. పైగా చాసిస్ కింద, అంటే బండి అడుగునుండే ఇనుప చట్రం కింద, నాలుగు మూలలా నాలుగు చెక్క దిమ్మలు పెట్టాలి. వాటి పేరు 'తాత పీటలు'. తాతకి కూర్చోబుద్ధయితే వాటి మీద కూర్చుంటాడు, మన గుండెల మీద కాదు. అదీ లెక్క.

ఇలా నడుస్తున్న షెడ్డులోకి 'ఇస్త్రీ' వచ్చాడు.

అసలు పేరు వేరే ఉందిలెండి. నూనె, మసి, గ్రీజు తప్ప ఇంకో రంగు లేని ఆ షెడ్డులో రోజూ మడత నలగని చొక్కా వేసుకొచ్చేవాడు కాబట్టి పనివాళ్ళు ఆ పేరు తగిలించారు. ఎదురుగా మాత్రం "సార్" అనేవాళ్ళు. షెడ్డు యజమానికి సొంత బావమరిది. బావ చేయి తిరిగిన మెకానిక్కే కానీ, వచ్చినవాళ్ళతో గట్టిగా మాట్లాడలేడు. అందుకని ఆఫీసు చూసుకోమని బామ్మర్దిని పిలిపించుకున్నాడు.

వచ్చిన రోజు అక్క తమ్ముడికి చెప్పింది ఒకే మాట.

"మీ బావకి ఎవరేం చెప్పినా కాదనడం చేతకాదురా. నువ్వు కాస్త కనిపెట్టుకుని ఉండు."

"బావని నాకొదిలెయ్యక్కా," అన్నాడు వీడు.

ఇస్త్రీ చెడ్డవాడు కాదు. తెలివైనవాడే. కాకపోతే ఆ తెలివి తనొక్కడికే ఉందనుకునే రకం. దెయ్యమంటే వాడికి ఒళ్ళు మంట. చీకటి పడితే నాలుగో గదికి తాళం వేస్తున్నారని తెలిసిన రోజు షెడ్డంతా వినపడేలా అరిచాడు.

"చదువుకున్నవాళ్ళు నవ్విపోతారయ్యా! బస్సు ఊపిరి తియ్యడమేంటి, దానికి పీటలేంటి, భోజనం కూడా పెట్టకపోయారా?"

మర్నాడే మనిషిని పెట్టి ఆ గోడకి తెల్లసున్నం కొట్టించాడు. ఎర్ర అక్షరాలు ఒక్క పూతకి పోలేదు. రెండు పూతలకీ పోలేదు. మూడోసారికి పోయాయి. దిమ్మలు నాలుగూ మోయించి ఆఫీసు ముందర వేయించి, పైన పలక పరిపించి, వచ్చేపోయేవాళ్ళకి బల్ల చేశాడు.

వెల్డరు తల గోక్కుంటూ వచ్చాడు.

"సార్, పీటలు తీసేశారు, బాగానే ఉంది. మరి తాత నిలబడే ఉంటాడంటారా?"

అందరూ నవ్వారు. ఇస్త్రీ కూడా నవ్వాడు. బావ ఒక్కడే నవ్వలేదు.

వారం తిరగలేదు. ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి ఒక పెద్ద బస్సు వచ్చింది. కొత్తది, ఎత్తుది. వెనక చక్రం దగ్గర బ్రేకు పైపు కారుతోంది. తెల్లవారి అయిదింటికి ఆస్పత్రి నర్సుల్ని డ్యూటీకి తీసుకెళ్ళాల్సిన బండి. ఇప్పుడే బాగుచెయ్యాలి. మొదటి మూడు గదుల కప్పులకి ఆ బస్సు తగులుతుంది. ఎత్తుకప్పు ఉన్నది నాలుగో గదికే.

ఆ మాట వినీ వినగానే పనివాళ్ళకి ఎక్కడలేని కష్టాలూ వచ్చిపడ్డాయి. ఒకడికి కడుపులో నొప్పి. ఇంకొకడికి చుట్టాలు. మూడోవాడు ఏమీ చెప్పకుండానే సైకిలెక్కాడు. వెల్డరు మాత్రం మొహమాటం లేకుండా, "సార్, నాకు భయం," అని నిజం చెప్పి వెళ్ళాడు.

మిగిలింది బావ, బావమరిది, బస్సు డ్రైవరు.

డ్రైవరు యాభై దాటిన మనిషి. పొద్దున్నుంచీ తోలి తోలి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. తాళంచెవి ఇస్త్రీ చేతిలో పెట్టి, ఆవులిస్తూ ఒక మాట చెప్పాడు.

"సార్, జాకీ పెట్టేముందు గాలి సంగతి చూసుకోండి. గాలి ఉండగా మాత్రం కిందికి దూరకండి. ప్రమాదం."

ఇస్త్రీకి చిర్రెత్తుకొచ్చింది. ఇంటివాళ్ళు చాలరన్నట్టు బయటివాడు కూడా మొదలెట్టాడు!

"ఇదిగో పెద్దాయనా, ఇక్కడ గాలీ లేదు, ధూళీ లేదు. నువ్వెళ్ళి నిశ్చింతగా పడుకో."

"లేదా? అయితే సరే," అన్నాడు డ్రైవరు. వెళ్ళి ఆఫీసు ముందు బల్ల మీద ఒరిగాడు. ఒరిగినవాడు ఒరిగినట్టే గుర్రు.

నాలుగో గదిలో ఒక్కటే బల్బు. దాని వెలుగు బస్సు నెత్తి మీద పడి అక్కడే ఆగిపోతుంది. చక్రాల దగ్గర చీకటి చీకటిగానే ఉంటుంది. బావ జాకీ దొర్లించుకొచ్చి వెనక చక్రం పక్కన, చాసిస్ కింద పెట్టాడు. కొట్టాడు. బస్సు ఆ పక్కన నెమ్మదిగా లేచింది... మనిషి దూరేంత సందు ఏర్పడింది.

బావ దూరలేదు. చెప్పులు విప్పి చక్రం పక్కన జతగా పెట్టాడు. అది అక్కడి పద్ధతి. చక్రం పక్కన చెప్పులున్నాయంటే కింద మనిషి ఉన్నట్టు. బండి జోలికి ఎవరూ పోకూడదు. విప్పాడు కానీ... వంగిన మనిషి వంగినట్టే ఉన్నాడు.

"ఒరేయ్..." అన్నాడు మెల్లిగా.

"ఏంటి బావా?"

"ఒక్కసారి... పిలవనా?"

"ఎవర్ని?"

"ఊరికేరా. అలవాటు."

"బావా, నువ్వు తాతని పిలిస్తే నేను అక్కని పిలుస్తాను. నీ మొగుడు బస్సుకి భయపడి బిక్కచచ్చిపోయాడు, వచ్చి చెయ్యి పట్టుకు తీసుకెళ్ళమంటాను. ఇష్టమేనా?"

బావ మొహం ముడుచుకున్నాడు. ఇంకో మాట అనకుండా టార్చి పట్టుకుని, వీపు నేలకానించి కిందికి జారిపోయాడు. ముందు తల, తర్వాత పొట్ట, చివరికి పాదాలు — చీకటి ఒక్కొక్కటే మింగేసింది.

ఇస్త్రీ గుమ్మం దగ్గర తిరగేసిన డబ్బా మీద కూర్చున్నాడు. జేబులోంచి ఫోను తీశాడు. కింద స్పానరు చప్పుడు వినపడుతోంది. టక్... టక్...

"దొరికిందా బావా?"

"ఆఁ, దొరికింది. నట్టు తుప్పు పట్టిందిరా. వదలట్లేదు."

"మెల్లిగా కానియ్యి."

టక్... టక్... కాసేపయ్యాక ఆ చప్పుడు ఆగింది. అలసిపోయి ఉంటాడనుకున్నాడు ఇస్త్రీ. ఫోనులో ఏదో చూస్తూ, తల ఎత్తకుండానే కేకేసి అడిగాడు.

"టీ తెప్పించనా బావా?"

"ఊఁ..."

"ఈ వేళప్పుడు ఎవడిస్తాడులే. అక్కని లేపాలి."

జవాబు లేదు. నిమిషం గడిచింది. రెండు గడిచాయి. బయట డ్రైవరు గుర్రు ఒక్కటే వినపడుతోంది.

"కోపమొచ్చిందా బావా? సరదాకన్నాను."

"ఊఁ..."

ఈసారి ఆ ఊఁ ఇందాకటి కంటే పొడుగ్గా ఉంది. ఇస్త్రీ ఫోను మీంచి కళ్ళు తీశాడు. బస్సుకేసి చూశాడు. ఏదో తేడా. ఏంటో తెలియడం లేదు. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. వెనక అద్దం పైనున్న గీత ఇందాక దాదాపు తిన్నగా ఉంది. ఇప్పుడు... అవతలి పక్కకి వాలింది.

"బావా, బస్సు ఒరిగినట్టు లేదూ?"

"ఊఁ..."

"ఒరిగిందని నువ్వే అంటున్నావు, ఇంకా అక్కడేం చేస్తున్నావు? బయటికి రా."

ఏ చప్పుడూ లేదు.

ఇస్త్రీ లేచాడు. డబ్బా దొర్లి ఖణేల్మంది. ఎగిరి పక్కకి దూకాడు. 'ఛీ, డబ్బాయే' అనుకున్నాడు. వంగి చూస్తే కింద కటిక చీకటి. టార్చి వెలగడం లేదు.

"లైటెందుకు ఆపావు బావా?"

నిశ్శబ్దం.

"బావా... భయపెట్టాలని చూడకు. నేను భయపడను. తెలుసుగా."

చెప్పులకేసి చూశాడు. చక్రం పక్కన జతగా ఉన్నాయి. మనిషి కిందే ఉన్నాడు. ఉన్నాడు, పలకడం లేదు. ఏ ఇనుపముక్కో తలకి తగిలి పడిపోయాడా? ఊపిరాడక ఇందాకటి నుంచీ మూలుగుతుంటే, నేను ఊఁ కొడుతున్నాడనుకున్నానా? అక్క మొహం కళ్ళముందు మెదిలింది. బావని నాకొదిలెయ్యక్కా — అన్నది తనే.

ఇంక ఆలోచించలేదు. మోకాళ్ళ మీద కూలబడి, బస్సు అంచు కింద తల పెట్టాడు. ఒక భుజం పెట్టాడు. చెయ్యి చాపి చీకట్లో తడిమాడు.

"బావా, చెయ్యియ్యి... లాగుతాను..."

"ఊఁ..."

ఎక్కణ్ణుంచో కాదు. మొహానికి జానెడు దూరంలో.

అప్పుడు ఒక అరచెయ్యి వచ్చి ఛాతీకి తగిలింది. వెచ్చటి అరచెయ్యి. తగలడమేంటి — ఒక్క తోపు తోసింది. ఇస్త్రీ వెనక్కి ఎగిరి, నాలుగడుగుల అవతల చతికిలబడ్డాడు.

జాకీ 'టంగ్' మని పక్కకి తన్నింది.

బస్సు కూలింది.

షెడ్డు రేకులు అదిరాయి. దుమ్ము లేచింది. ఆ దుమ్ము మెల్లిగా దిగేసరికి... బస్సు పొట్ట దాదాపు నేలకి ఆని ఉంది. ఇందాక మనిషి దూరిన సందులో ఇప్పుడు గుప్పెడు కూడా పట్టదు. పక్కన చెప్పులు, జతగా, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఇస్త్రీ నోరు తెరిచాడు. అరుపు రాలేదు. రెండోసారి వచ్చింది.

"బావా!"

పరిగెత్తుకెళ్ళి బస్సుని రెండు చేతులతో పట్టుకుని ఎత్తబోయాడు. అంత బస్సుని! గోళ్ళు విరిగాయి. భుజం ఆనించి నెట్టాడు. నేల మీద బోర్లాపడి ఆ గుప్పెడు సందులోకి నోరు పెట్టి పిలిచాడు. "బావా... బావా... నన్ను తోసేసి నువ్వుండిపోయావేంటి బావా..." అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ చప్పుడుకి డ్రైవరు నిద్రకళ్ళతో పరిగెత్తుకొచ్చాడు. బస్సునీ, పక్కకి పడి ఉన్న జాకీనీ, చెప్పుల్నీ చూశాడు. ఒక్క క్షణం గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

"కింద ఎవరన్నా..."

"మా బావ..."

"అయ్యో, గాలి ఉండగానే దూరాడా! మీరే కదా సార్ గాలి లేదన్నారు!"

"నేను..." ఇస్త్రీకి మాట తడబడింది. "నేనన్నది... దెయ్యం లేదని... గాలీ ధూళీ లేదని..."

"దెయ్యమేంటి సార్!" డ్రైవరు నెత్తి కొట్టుకున్నాడు. "నేనన్నది బస్సులో గాలి! ఈ బండికి కమాను కట్టలు లేవు సార్. ఎయిర్ సస్పెన్షను. చక్రాల మీద రబ్బరు తిత్తులుంటాయి, వాటి నిండా గాలి. ఆ గాలి మీదే బండంతా నిలబడుతుంది."

అని ఊరుకోలేదు. బస్సులోకి ఎక్కి ఏదో స్విచ్చి నొక్కి వచ్చి, గబగబా చెప్పుకుపోయాడు. ఆ బండికి ఒక బుర్ర ఉందట. బండి ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉండాలని చూస్తుందట. తాళం తీసినా వెంటనే నిద్రపోదట. కింద నుంచి జాకీతో ఎత్తితే, 'అరె, ఎత్తు పెరిగిందే' అనుకుని తిత్తుల్లో గాలి వదిలేస్తుందట... ఊఁ... అని. అవతలి పక్క దిగుతుంది. ఇవతల బరువంతా జాకీ మీద పడుతుంది. జాకీ జారితే ఆపడానికి కింద గాలి కూడా ఉండదు.

"అందుకే సార్, ముందు ఆ స్విచ్చి ఆపాలి. చాసిస్ కింద గట్టి దిమ్మలు పెట్టాలి. గాలి చప్పుడు పూర్తిగా ఆగిందా లేదా అని చెవి పెట్టి వినాలి. ఆ తర్వాతే దూరాలి. మీ షెడ్డులో ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడన్నా లేడా?"

ఉన్నాడు. ఒకడు ఉండేవాడు.

ఇస్త్రీ తల తిప్పి తెల్లగోడకేసి చూశాడు. మూడు పూతల సున్నం. దాని వెనక ఏముందో ఇప్పుడు చదవడం వచ్చింది. గాలి ఉంది. నన్నడక్కుండా కిందికి దూరొద్దు. కొత్తరకం బస్సులు రావడం మొదలైనప్పుడు, వాటి సంగతి తెలియని పనివాళ్ళు నలిగిపోతారని భయపడి ముసలాయన రాసుకున్న మాట. ఎత్తు బస్సులన్నీ ఈ గదికే వస్తాయి కాబట్టి ఈ గదిలో రాశాడు. భయపడ్డవాళ్ళు దాన్ని తప్పుగా చదివి కూడా బతికారు. పిలిచారు, ఆగారు, విన్నారు, దిమ్మలు పెట్టారు.

తను నవ్వాడు. గోడ చెరిపాడు. దిమ్మలు మోయించాడు. భయపడ్డ మనిషిని అక్క పేరు చెప్పి కిందికి తోశాడు.

"నేనే చంపాను," అన్నాడు. "దెయ్యం కాదు. నేనే."

డ్రైవరు అక్కడ ఆగలేదు. బల్ల పడదోసి దిమ్మలు తెస్తానంటూ బయటికి పరిగెత్తాడు.

అప్పుడు ఫోను మోగింది.

నేల మీద దుమ్ములో పడి ఉంది. తెర మీద 'అక్క' అని వెలుగుతోంది. ఇస్త్రీ దాన్ని చూస్తూ కూర్చున్నాడు. మోగి మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఎత్తాడు. చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"ఏరా, ఎక్కడున్నావు? మీ బావకేమైందిరా?" అంది అక్క.

"అక్కా..." అన్నాడు. "నన్ను... నన్ను క్షమించక్కా... నీ కాళ్ళు పట్టుకుంటాను..."

"నా కాళ్ళెందుకురా, ఆ మనిషి కాళ్ళు చూడు ముందు! చెప్పుల్లేకుండా వచ్చాడు, కాళ్ళ నిండా గాజుపెంకులు గీసుకుపోయాయి. దుప్పటి కప్పుకుని ఒకటే వణుకు. ఏమైందంటే చెప్పడు. తాగారా ఇద్దరూ?"

ఇస్త్రీకి ఆ మాటలు చెవిలో పడ్డాయి కానీ బుర్రకెక్కలేదు.

"ఎవరక్కా?"

"ఎవరేంటి, మీ బావ!"

ఫోను చేతులు మారిన చప్పుడు. తర్వాత బావ గొంతు, దుప్పటి లోపలి నుంచి.

"ఒరేయ్... నవ్వకు. నవ్వితే ఒట్టే. కింద నట్టు తిప్పుతుంటే చెవి పక్కన ఊపిరి వినపడిందిరా. ఇంక నావల్ల కాలేదు. టార్చి ఆర్పేసి అవతలి పక్కనుంచి జారి, గది వెనక తలుపులోంచి ఇంటికొచ్చేశాను. చెబితే ఎగతాళి చేస్తావని చెప్పలేదు. కోపం తెచ్చుకోకు, పొద్దున్నే వచ్చి పని పూర్తిచేస్తాను."

ఇల్లు షెడ్డు వెనక వీధే. నూరడుగులు కూడా ఉండదు.

ఇస్త్రీ నవ్వాడు. ఏడుస్తూ నవ్వాడు. "బావా, నువ్వు పిరికివాడివి బావా. బంగారంలాంటి పిరికివాడివి. ఇంక నువ్వెప్పుడూ ఇలాగే భయపడు బావా," అన్నాడు. దిమ్మ మోసుకొచ్చిన డ్రైవరు సంగతి అర్థమై, దిమ్మ అక్కడే పడేసి దాని మీదే కూలబడ్డాడు.

"ఏం మాట్లాడుతున్నావురా?" అన్నాడు బావ అనుమానంగా.

"నువ్వు... ఇంటికొచ్చి ఎంతసేపైంది బావా?"

"పావుగంట దాటింది. నువ్వు టీ అంటూ అరిచావే, అప్పటికి నేను వీధి మలుపు దాటుతున్నాను. నీ గొంతు అక్కడిదాకా వినపడింది."

టీ అన్నప్పటికే లేడు. అంటే ఆ ఊఁలన్నీ గాలే. సరే. డ్రైవరు చెప్పాడుగా. అన్నింటికీ లెక్క కుదిరింది. ఇస్త్రీ తేలిగ్గా ఊపిరి పీల్చుకోబోయాడు... సగంలో ఆగిపోయింది.

"బావా... మరి నన్ను తోసింది నువ్వు కాదా?"

"తొయ్యడమేంటి? ఎక్కడ?"

ఇస్త్రీ ఫోను దించాడు. డ్రైవరుకేసి తిరిగాడు. అడగడానికే భయమేసింది. అయినా గొంతు తగ్గించి అడిగాడు.

"ఆ తిత్తుల్లోంచి వచ్చే గాలి... మనిషిని తోసేస్తుందా? నాలుగడుగుల దూరం?"

డ్రైవరు కాసేపు ఆలోచించాడు. బస్సు వంక చూశాడు. కూర్చున్న దిమ్మ మీంచి లేచి నిలబడ్డాడు.

"ఆ గాలి తొయ్యదు సార్," అన్నాడు.

ఇస్త్రీ చొక్కా గుండీ విప్పి చూసుకున్నాడు. ఛాతీ మీద అరచెయ్యి పడినంత మేర ఎర్రగా కందిపోయి ఉంది.